గామా కిరణమును తూచుట ఎట్లు?

2011వ సంవత్సరము మార్చి నెలలో జపాను దేశమున గొప్ప భూకంపమును, దాని వెంట సముద్రపు పొంగును సంభవించి ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రమును పాడుచేసిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. ఆ కేంద్రమునుండి వెలువడిన సీసియము చుట్టుపట్ల పొలములపై పడెను. మరుసటి యేటి వరిపంట మొదలుకొని ఆ రాష్ట్రమువారు ఒక పెద్దపనికి పూనుకొనిరి. పండిన ముడిబియ్యమును 30 కిలోల సంచులకెత్తి, ఒక్క సంచినైనను విడువక, కిరణశోధక యంత్రముల క్రింద నడిపించిరి. ఏటికి ఇంచుమించు ఒక కోటి సంచులు! కిలో బియ్యమునందు 100 బెక్వెరెల్లకు మించి సీసియమున్నచో దానిని అమ్మరాదని 2012 ఏప్రిలునుండి అక్కడి శాసనము. ఒక బెక్వెరెలు అనగా సెకండునకు ఒక పరమాణువు విచ్ఛిన్నమగుట. ఈ హద్దు ఎంత కఠినమైనదో తెలియుటకు ఒక్క సంగతి చాలును. పెద్దమనిషి దేహమునందు సహజముగా నుండు పొటాసియము వలననే సెకండునకు సుమారు 4,000 పరమాణువులు విచ్ఛిన్నమగుచుండును. దానివలన మనకెవ్వరికిని కీడు తోచుట లేదు.

త్వరగా పరీక్షించు యంత్రమునకు అనుమానము తగిలిన సంచిలోని బియ్యమును మరల జర్మేనియము శోధకమునొద్దకు పంపిరి. మొదటి యంత్రము కిరణములు ఎన్ని వచ్చినవో బాగుగానే లెక్కించును. అవి ఎవరివో చెప్పుటలో అంత నేర్పరి కాదు. కృషీవలుని యొక యేటి కష్టము అమ్ముడుపోవునా, పారవేయబడునా అన్నది ఆ రెండవ ప్రశ్నపై ఆధారపడియున్నది.

విచ్ఛిన్నమగు ప్రతి పరమాణు జాతియు తనకు తగిన శక్తి గల గామా కిరణములనే వెలువరించును. సీసియము-137 వలన వచ్చు కిరణపు శక్తి 661.7 కిలో ఎలక్ట్రాను వోల్టులు. దాని తోబుట్టువైన సీసియము-134 వలన వచ్చు ముఖ్యకిరణములు 604.7, 795.9. పొటాసియము-40 ది 1460.8. ఇవి మనుష్యుల వ్రేలిముద్రల వంటివి; శక్తిని సరిగా కొలువగలిగినచో జాతిని పేరుపెట్టి పిలువవచ్చును. చిక్కెక్కడనగా, నేలలోను, ఇటుకగోడలలోను సహజముగా నుండు రేడియము సంతతికి చెందిన బిస్మతు-214 అను జాతి 609.3 వద్ద కిరణమును వెలువరించును. ఇది మనుష్యుడు చేసినది కాదు. భూమి పుట్టిననాటి సంతతి. 604.7 నకును 609.3 నకును గల భేదము నూటికి ఒక పాలైనను లేదు. ఈ భేదమును గుర్తింపజాలని యంత్రము నిర్దోషియైన గోడను చూపి బియ్యముపై నేరము మోపును; లేదా నిజమైన నేరమును గోడపై నెట్టి బియ్యమును విడిచిపెట్టును.

1948లో రాబర్టు హాఫ్‌స్టాడ్టరు కనుగొన్న సోడియము అయొడైడు స్ఫటికము ఇప్పటికిని విరివిగా వాడుకలోనున్నది. అది గట్టిది, చవుకైనది. కాని 662 వద్ద దాని కొలత సుమారు నూటికి ఏడు పాళ్లు వెడల్పున చెదరిపోవును. అనగా 46 కిలో ఎలక్ట్రాను వోల్టుల మేర. అందు 604ను, 609ను ఒకే గుట్టగా కలిసిపోవును. జర్మేనియము స్ఫటికమును ద్రవనైట్రోజను సాయమున శూన్యమునకు దిగువ 196 డిగ్రీలవరకు చల్లబరచి వాడినచో ఆ వెడల్పు ఒకటిన్నరకు దిగును. అయితే ఈ సూక్ష్మత స్ఫటికము తానై మనకిచ్చునది కాదు. స్ఫటికము ఇచ్చు విద్యుత్ స్పందమును మనమెట్లు చదువుదుము అన్నదానిపై ఆ సూక్ష్మత నిలుచుటయో, చెడుటయో జరుగును. మేమిచట చెప్పదలచినది ఆ చదువు సంగతియే.

గామా కిరణము జర్మేనియమునందు తన శక్తిని విడిచినపుడు అచట ఎలక్ట్రానులు విడివడును. ఒక్కొక్క ఎలక్ట్రానును విడదీయుటకు సగటున 2.96 ఎలక్ట్రాను వోల్టులు వ్యయమగును. కావున సీసియము-137 కిరణము పూర్తిగా నిలిచిపోయినపుడు సుమారు 2 లక్షల 23 వేల ఎలక్ట్రానులు లభించును. ఇంత చిన్న మూటను ఒక పికోఫారడు కండెన్సరులో పోసినచో దాని వోల్టేజి 36 మిల్లీవోల్టుల మేర పైకి లేచును. దీనిని మేము మెట్టు అందుము. మెట్టు ఎత్తే శక్తి. ఇక 604.7 మెట్టునకును 609.3 మెట్టునకును గల ఎత్తు భేదమెంత? పావు మిల్లీవోల్టు.

రేడియో శ్రోతలకు రొద యననేమో మేము వేరుగా చెప్పనక్కరలేదు. స్టేషను దొరకని చోట స్పీకరునుండి వచ్చు ఆ బుసబుస శబ్దము వంటిదే ఇక్కడను గలదు. మొదటి ట్రాన్సిస్టరులో ఎలక్ట్రానులు వేడిమిచేత అటునిటు పరుగులెత్తుటచే వోల్టేజి ఎల్లప్పుడు వణకుచుండును. పావు మిల్లీవోల్టు భేదము ఆ వణకులో మునిగిపోవుట సులభము.

పెరటి నీటితొట్టిని తలచుకొనుడు. గాలికి నీటిపై అలలు లేచుచున్నవి. ఎవరో ఒక చెంబు నీరు తెచ్చి అందులో పోసిరి. చెంబులో ఎంత నీరుండెనో తొట్టిలోని మట్టమును చూచియే చెప్పవలెను. పోయకముందు ఒక్కసారి, పోసినపిదప ఒక్కసారి కొలబద్దను చూచినచో అలల మూలమున తప్పు తప్పదు. తెలివిగల గృహిణి యేమి చేయును? పోయకముందు పదిసార్లు చూచి సగటు తీయును. పోసినపుడు లేచిన కలకల అణగువరకు ఆగును. పిదప మరల పదిసార్లు చూచి సగటు తీయును. రెండు సగటుల భేదమే చెంబు నీరు.

స్పందమునకు రూపుదిద్దుట యనగా తత్త్వమున ఇంతే. మెట్టును ఉన్నదున్నట్లు చదువక, దానిని సగటుల భేదమునకు దీటైన మరియొక ఆకారమునకు మార్చి, ఆ ఆకారపు ఎత్తును చదువుట.

అట్లైన పదిసార్లకు బదులు పదివేలసార్లు చూడరాదా? చూడరాదు. రొద రెండు విధములు. ఒకటి ఇంతకుముందు చెప్పిన వేగపు వణకు. దీనిని ఎంత సగటు తీసిన అంత అణచవచ్చును. రెండవది స్ఫటికమునుండి ఎల్లపుడు కొద్దికొద్దిగా కారు విద్యుత్తు. ఎలక్ట్రానులు ఒక్కొక్కటిగా, క్రమము లేక వచ్చి కండెన్సరులో పడుచుండును. తొట్టిపై చూరునుండి వానచుక్కలు రాలుచున్నట్లు. ఎంతసేపు ఆగిన అన్ని చుక్కలు ఎక్కువ, లెక్కలో అంత అనిశ్చయము. కనుక త్వరపడినచో అలలు మోసగించును, తాత్సారము చేసినచో చుక్కలు మోసగించును. జర్మేనియమునకు ఈ రెంటి నడుమ పొసగు కాలము కొన్ని మైక్రోసెకండులు. సెకండును పదిలక్షల పాళ్లు చేసిన అందొక పాలు మైక్రోసెకండు.

వాల్వుల కాలమునను, ట్రాన్సిస్టరుల తొలిదినములలోను ఈ పనిని రెసిస్టరులు, కండెన్సరులు చేసెడివి. పాత రేడియోలో హెచ్చు శ్రుతి బుసను తగ్గించుటకు టోను మీటను త్రిప్పినపుడు లోపల జరుగునది ఇట్టిదే. బుస తగ్గును, వెంటనే తంబుర మెరుపును మందగించును. ఒక వలయము మెట్టు వెనుక తోకను కత్తిరించును, మరికొన్ని వలయములు వేగపు రొదను అరగదీయును. చివరకు గంట ఆకారమున ఒక చక్కని స్పందము వెలువడును. ఈ వలయములను మేము చులకన చేయుట లేదు. వానితోనే ఒక తరము అణుశాస్త్రమంతయు నడచినది. కాని వానికొక పుట్టుజబ్బు కలదు. కండెన్సరులో పోసిన విద్యుత్తు సుమారు 50 మైక్రోసెకండుల కాలమానమున మెల్లగా కారిపోవునట్లు అమర్చవలసియుండును. లేనిచో తొట్టి నిండి పొరలును. ఈ కారుట వలన, రూపుదిద్దిన స్పందము దిగుచు దిగుచు సున్నకు క్రిందికి జారి మెల్లగా లేచును. ఆ గోతిలో నిలిచిన తరువాతి స్పందము పొట్టిదిగా కొలువబడును. 1965లో నౌలిన్, బ్లాంకెన్‌షిప్ అనువారు ఒక చిన్న రెసిస్టరు అమరికచే ఈ గోతిని పూడ్చు ఉపాయమును ప్రకటించిరి. అప్పటినుండి ప్రయోగశాలలలో ఒక చిన్న మరను స్క్రూడ్రైవరుతో అటునిటు త్రిప్పుట విద్యార్థుల నిత్యకృత్యమయ్యెను. ఇదిగాక రూపుదిద్దు కాలమును మార్చవలెనన్న పెట్టెపై నున్న నాలుగైదు స్థానముల మీట తప్ప వేరు స్వాతంత్ర్యము లేదు.

అంకెల పద్ధతిలో ఈ వలయములను తీసివేసి, మెట్టునే నేరుగా అంకెలుగా మార్చుదురు. సాధారణముగా సెకండునకు పదికోట్లసార్లు వోల్టేజిని చదివి, ప్రతి పఠనమును 16,384 తరగతులలో ఒకదానిలో చేర్చుదురు. ఇక మిగిలినది తొట్టివద్ద గృహిణి చేసిన లెక్కయే. వరుసగా వచ్చిన పఠనములు 12, 9, 11, 8, 23, 41, 58, 61, 59, 62 అనుకొందము. మొదటి నాలుగింటి సగటు 10. చివరి నాలుగింటి సగటు 60. నడుమనున్న 23, 41 మెట్టు లేచుచున్నప్పటివి, వానిని విడిచితిమి. మెట్టు ఎత్తు 50. సగటులు తీయక ఒంటి పఠనములనే నమ్మినవాడు 8కిని 62కును భేదము 54 అనియో, 12కును 58కిని భేదము 46 అనియో చెప్పియుండును. నిజమైన యంత్రమున నాలుగు గాక ఆరువందల పఠనములకు సగటు తీయుదురు. దానిచే వేగపు రొద ఇంచుమించు ఇరువదినాలుగవ వంతునకు దిగును.

ఈ లెక్క మెట్టు వచ్చినపుడు ఒక్కసారి చేసినచో చాలదు. మెట్టు ఎప్పుడు వచ్చునో ముందు తెలియదు గనుక, కొత్త పఠనము వచ్చినప్పుడెల్ల, అనగా సెకండునకు పదికోట్లసార్లు, ఆరువందలు చొప్పున కూడవలసివచ్చును! ఇది అసాధ్యమని తోచును. కాని పాలవాని ఖాతా వ్రాయువారికి ఉపాయము తెలియును. గడచిన ఏడు దినముల పాలు ఎన్ని సేర్లో ప్రతిదినము కావలసినచో ప్రతిదినము ఏడింటిని కూడనక్కరలేదు. నిన్నటి మొత్తమునకు నేటిది కలిపి, ఎనిమిదవనాటిది తీసివేసిన చాలును. కిటికీ ఆరువందలదైనను, ఆరువేలదైనను పని అంతే. మిచిగను విశ్వవిద్యాలయమున వాలెంటిను జోర్డనోవ్, గ్లెను నోల్ అనువారు ఇట్టి కొద్దిపాటి కూడిక తీసివేతలతో, స్పందము వచ్చుచుండగనే దానికి రూపుదిద్దు విధానమును 1994లో ప్రకటించిరి. జార్జియెవ్, గాస్టు అనువారు అంతకు ముందటి యేటనే జర్మనీనుండి ఇంచుమించు ఇదే గమ్యమును వేరొక త్రోవన చేరియుండిరి. గంటలకొలది గణితము వ్రాయగల శాస్త్రము తుదకు పాలఖాతా వద్ద వచ్చి నిలుచుట మాకు చాల ముచ్చటగా తోచును.

రెండు కిటికీలును పఠనముల వరుస వెంబడి నడచిపోవుచుండగా వాని సగటుల భేదమును గీత గీసినచో, అది మొదట సమముగా ఎక్కి, కొంతసేపు బల్లపరుపుగా నిలిచి, సమముగా దిగును. బడిలో చదువుకొన్న సమలంబ చతుర్భుజము ఇదే. బల్లపరుపు భాగము అలంకారమునకు గాదు. పెద్ద జర్మేనియము స్ఫటికమున కిరణము అంచున తగిలినదా, నడుమ తగిలినదా అన్నదానినిబట్టి ఎలక్ట్రానులు పోగగుటకు కొన్నివందల నానోసెకండుల తేడా వచ్చును. కొన కోసుగానున్న ఆకారమైనచో నెమ్మదిగా పోగైన మెట్టు పొట్టిదిగా కనబడును. ఒకే శక్తి గల రెండు కిరణములకు రెండు ఎత్తులు! బల్లపరుపును ఒక మైక్రోసెకండు పొడవుంచినచో మెట్టు త్వరగా లేచినను, మెల్లగా లేచినను చివర ఎత్తు ఒక్కటే. గృహిణి కలకల అణగువరకు ఆగుట ఇందుకే.

కారు తొట్టి సంగతియు అంకెలలో సులువుగా తీరును. రెండు పఠనముల నడుమ కాలము పది నానోసెకండులు. కారుడు కాలమానము 50 మైక్రోసెకండులు. కావున ప్రతి పఠనమునకును నీటిలో అయిదువేలవ వంతు తరుగును. ఆ తరుగును ఎప్పటికప్పుడు కూడుచు వచ్చి మరల చేర్చినచో, జారిపోవు తోక మరల చదునైన మెట్టుగా నిలుచును. స్క్రూడ్రైవరు పనిని ఒక్క సంఖ్య చేసినది.

ఇంతవరకు స్పందములు మర్యాదగా ఒకదాని తరువాత ఒకటి వచ్చుననుకొంటిమి. అవి అట్లు రావు. కిరణముల రాకకు నియమము లేదు. సగటు విరామము నూరు మైక్రోసెకండులైనను రెండు కిరణములు ఒక దానిపై ఒకటి వచ్చి పడవచ్చును. ఒక చెంబు పోయుచుండగనే మరియొకరు మరియొక చెంబు పోసినట్లు. అట్టి కొలతను పారవేయవలెను. ఎన్ని పారవేయవలసివచ్చును? గంట ఆకారపు స్పందము 30 మైక్రోసెకండులు స్థలమాక్రమించుననుకొందము. సెకండునకు 10,000 కిరణములు వచ్చుచున్నపుడు, లెక్క ప్రకారము సుమారు 7,400 నిలుచును. కిరణములు పదిరెట్లు పెరిగి లక్ష అయినపుడు నిలుచునవి ఎన్ని? 74,000 గాదు. 5,000 కూడ నిండవు. అపాయము పెరిగినకొలది యంత్రము చూపు సంఖ్య తగ్గిపోవును! ఎరుగనివాడు దానిని చూచి పరిస్థితి కుదుటపడినదని సంతోషించును. అణుకేంద్రపు ప్రమాదస్థలమున ఇట్టి సంతోషము ప్రాణాంతకము.

అంకెల పద్ధతిలో సమలంబపు ఎక్కుడును, దిగుడును చెరి రెండున్నర మైక్రోసెకండులు, బల్లపరుపు ఒకటి చేసి, మొత్తము ఆరు మైక్రోసెకండులకు కుదించినచో, అదే లక్ష కిరణములలో సుమారు 55,000 నిలుచును. దీనికి మూల్యము సూక్ష్మతలో కొంత తగ్గుదల. ఆ మూల్యమును చెల్లించుటయా, మానుటయా అన్నది పని చూచి నిర్ణయింపవచ్చును. బియ్యపు పరీక్షకు నిదానము, ప్రమాదస్థలమునకు వేగము. పెట్టె మార్చనక్కరలేదు, సంఖ్యలు మార్చిన చాలును. అంతేగాక, అవే పఠనములను అదే సమయమున రెండవ దారిలో చాల చిన్న కిటికీతో చదివి, మెట్లు వచ్చిన వేళలను మాత్రము గుర్తుంచుకొందురు. దగ్గరదగ్గరగా వచ్చిన జంటలను ఆ రెండవ దారి పట్టియిచ్చును; పారవేసిన వాని లెక్కయు తప్పిపోదు. యంత్రము ఎంతసేపు చూచినది, ఎంతసేపు కన్ను మూసినది అను పద్దును సరిగా వ్రాయని శోధకముపై మాకు నమ్మకము లేదు.

మన దేశమునను ఈ విద్య వేరూనినది. హైదరాబాదున 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియా అణుశాస్త్ర పరికరములను తయారుచేయుచు వచ్చినది. బొంబాయిలోని టాటా పరిశోధనసంస్థయందు భారత జాతీయ గామా శోధకసముదాయమునకు సెకండునకు పదికోట్ల పఠనములు తీయు అంకెల పద్ధతిని అమర్చి, ఆ వివరములను 2012లో ప్రకటించిరి. ఆ సముదాయమున ఇరువదినాలుగువరకు శోధకములకు చోటు గలదు; ఒక్కొక్క శోధకమున నాలుగాకుల మొక్కవలె కూర్చిన నాలుగు జర్మేనియము స్ఫటికములు గలవు. ఒకే పరమాణు కేంద్రమునుండి ఒక్కుమ్మడిగా వెలువడు కిరణములను అవి కలిసి పట్టవలెను. పాత వలయములతో ఇన్ని స్ఫటికములకు ఇన్ని మరలు త్రిప్పుచు కూర్చుండుట ఊహించుకొనుడు!

ఇంత చెప్పి ఒక హెచ్చరిక చేయకున్న న్యాయము గాదు. అంకెల పద్ధతి యని పేరు వినగానే సర్వదోషములు తొలగునని నమ్మువారున్నారు. స్ఫటికమును సరిగా చల్లబరచకున్నను, మొదటి ట్రాన్సిస్టరు రొదకు నిలయమైనను, అచట పోయిన సమాచారమును ఏ గణితమును వెనుకకు తేజాలదు. వేళలను గుర్తించు ఆ రెండవ దారికిని ఒక హద్దు కలదు. రెండు కిరణములు నూరు నానోసెకండుల పాటి లోపల వచ్చినచో దానికిని అవి ఒక్కటిగానే తోచును. అప్పుడు రెండు మెట్లు కలిసి ఒక పొడవైన మెట్టగును. సీసియము-137 కిరణములు రెండు ఇట్లు జతపడినచో 1323.4 వద్ద ఒక కొత్త రేఖ పుట్టును. కోబాల్టు-60 రేఖలలో ఒకటి 1332.5 వద్ద నున్నది. జర్మేనియము శోధకమునకు తొమ్మిది భేదము తెలియును. సోడియము అయొడైడు దానిని కోబాల్టే యని సాక్ష్యము చెప్పగలదు.

అనుమానము వచ్చినపుడు చేయవలసిన పని సులభము. పరీక్షింపబడు వస్తువును, కిరణముల రాక సగమగువరకు శోధకమునుండి దూరము జరుపవలెను. నిజమైన రేఖయైనచో అదియు సగమగును. రెండు కిరణములు జతపడి పుట్టించిన రేఖయైనచో, జతపడు అవకాశము రెండువిధముల తగ్గును గనుక, అది నాలుగవ వంతునకు పడిపోవును.